నూట అరవై ఎనిమిదో పేజీ

యాళిని ఇచ్చింది పుస్తకం,
"చదివి ఏడవకపోతే నన్నడుగు" అని.
అట్ట మీద రెండు చేతులు,
ఒకటి తెల్లది, ఒకటి నల్లది, వేళ్ళు ముడిపడి.
లోపలేముందో అక్కడే తెలిసిపోయింది.
అయినా మొదలుపెట్టాను,
విల్లివాక్కం నుంచి సెంట్రల్ దాకా
పొద్దుటి లోకల్లో, నిలబడి.

మొదటి యాభై పేజీలు బాగానే పరిగెత్తాయి.
బడి వరండాలో ఆ పిల్ల పుస్తకాలు
వాడే తగిలి పడేశాడు, వాడే ఏరిచ్చాడు.
బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి అరగంట ఆగినా
నాకు తెలియలేదు.

తర్వాత ఆ పిల్ల ఒంటిని వర్ణించడం మొదలైంది.
కాఫీ అంది రచయిత్రి. దాల్చినచెక్క అంది.
పాకం పట్టిన చక్కెర అంది.
పేజీ పేజీకీ నాకు ఆకలేసింది గానీ
ఎవరి మీదా ప్రేమ పుట్టలేదు.
అబ్బాయి ఒంటికి మాత్రం ఏ తిండీ దొరకలేదు ఆవిడకి.
కళ్ళు నీలం.
అంతటితో వదిలేసింది.

నాకూ ఓ రంగుంది.
సంబంధాల వాళ్ళతో అమ్మ చామనఛాయ అంటుంది,
గొంతు కాస్త తగ్గించి.
ఆ మాట ఏ వంటింట్లోనూ వండరు.

వానలో ఇద్దరూ తడుస్తూ నిలబడ్డ చోట
"ప్రపంచం మనల్ని అర్థం చేసుకోదు" అన్నాడు వాడు.
అది నూట అరవై ఎనిమిదో పేజీ.
పాత ప్లాట్‌ఫారం టికెట్టొకటి అక్కడ పెట్టి మూసేశాను.

ఆదివారం పెరంబూర్‌లో దిగి
వకుళ పెద్దమ్మ ఇంటికెళ్ళాను.
డెస్మండ్ పెదనాన్న ముంగిట్లో కుర్చీకి రంగేస్తున్నాడు.
ముప్పై మూడేళ్ళు కోచ్ ఫ్యాక్టరీలో
రైలు పెట్టెలకి రంగు కొట్టిన మనిషి.
రంగంటే ఆయనకి డబ్బా మీద నంబరు.
ఒక పూత, ఆరాక గరుకు కాగితం, మళ్ళీ పూత.
"తొందరపడితే పొక్కులొస్తాయి" అంటాడు.

ఆయన తెలుగులో ఇప్పటికీ ళ లేదు.
"నీ కల్లు బావున్నాయి" అన్నాడట
పెద్దమ్మతో మొట్టమొదటిసారి.
ఈయనకి తాగుడలవాటుందని
వారం రోజులు తప్పించుకు తిరిగిందట ఆవిడ.

దొరని చేసుకుందని వెక్కిరించిన చుట్టాలందరూ
పెదనాన్న కంటే నాలుగు పూతలు తెల్లన.
ఈ ముక్క ఏ నవల్లోనూ ఇమడదనుకుంటా.

అడిగాను పెద్దమ్మని,
మిమ్మల్నీ ప్రపంచం అర్థం చేసుకోలేదా అని.
చేప పొలుసు గీస్తోంది, తలెత్తలేదు.
"ఏ ప్రపంచమే?
ఆయనకి నైట్ డ్యూటీ.
నాకు తెల్లారి నాలుగింటికి నీళ్ళ లారీ."
కాసేపాగి,
"మీ తాతయ్య ఒక్కసారొచ్చాడు.
మంచం కింద ఏం దాచామో అని వంగి చూశాడు.
ట్రంకు పెట్టె, ఉల్లిపాయలు.
కాఫీ తాగి లేచి,
వచ్చినంత కోపంగానూ వెళ్ళిపోయాడు.
చెప్పులు మర్చిపోయాడు.
పంపిస్తే తీసుకోలేదు."

ఏమయ్యాయి అవి?

"మీ పెదనాన్న తొడిగి అరగ్గొట్టాడు.
ఇద్దరిదీ ఒకటే సైజు."

తిరిగొస్తూ కిటికీ పక్క సీటు దొరికితే
ఇంకో అవకాశమిద్దామని పుస్తకం తెరిచాను.
వాళ్ళింకా వానలోనే ఉన్నారు.
ఒక్కరైనా తుమ్మలేదు.
ఇంటికెళ్ళి తల తుడుచుకోండర్రా అనాలనిపించింది.
మంచి పిల్లలే, తప్పు వాళ్ళది కాదేమో.
నూట అరవై తొమ్మిదికి తిప్పబోయి
లోకో వర్క్స్ గోడ చూస్తూ కూర్చున్నాను,
మూడొంతులు వెలిసిన పచ్చరంగు,
ఎన్నో నంబరో ఆయన్నడగాలి.

సోమవారం యాళినికి తిరిగిచ్చేశాను.
"ఏడ్చావా?" అంది.
చెప్పుల సంగతి చెబుదామనుకునేలోపు
బండి వచ్చేసింది, జనం తోసేశారు.
ఏడ్చానన్నాను, మెట్టు మీంచే.

ప్లాట్‌ఫారం టికెట్టు
అందులోనే ఉండిపోయింది.